వాసన చెప్పే ఆంటీ

కాఫీ కప్పు మూత తీసినప్పుడల్లా నాకు ఆ రైలు గుర్తొస్తుంది. చికాగో దాటాక రెండు పక్కలా మొక్కజొన్న చేలే. రైలు కదులుతోందో, చేలు కదులుతున్నాయో తెలియని మధ్యాహ్నపు మగత.

పక్క సీట్లో ఒక తెలుగు ఆంటీ. పలకరింపులయ్యాక ఆవిడ బ్యాగులోంచి చిన్న సీసా తీసి నా అరచేతిలో రెండు చుక్కలు వేశారు.

"బాగా రుద్దమ్మా. ఘాటు పోనీ. ఇప్పుడు స్మెల్ చేసి చెప్పు."

ముందు ఏమీ తెలియలేదు. తర్వాత మెల్లగా, నిప్పుల మీద కాలుతున్న పొత్తు.

"కాల్చిన మొక్కజొన్న, ఆంటీ."

"హమ్మయ్య! నాకొక్కదానికే అలా అనిపిస్తోందేమోనని డౌట్. విస్కీ అది. అంకుల్ రిటైరయ్యాక గరాజ్‌లో కాయడం నేర్చుకుంటున్నారు. లీగల్ కాదు, ఎవరికీ చెప్పకేం. మొదట దిగేది నెయిల్ పాలిష్ రిమూవర్ కంపు, పారబొయ్యాలి. ఈ వాసన మొదలవగానే పట్టుకోవాలి. కోవిడ్‌లో ఆయనకి వాసన పోయింది, మళ్లీ రాలేదు. నేను 'ఇప్పుడు' అంటేనే సీసా మారుస్తారు."

"మీరు టేస్ట్ చేశారా?"

"ఛీ! నేను ముట్టనమ్మా."

"మరి వాసనే తెలియకపోతే ఆయనకి రుచేం తెలుస్తుంది?"

ఆవిడ జవాబు చెప్పేలోగా, కాఫీ కోసం వెళ్లిన అంకుల్ ఆ రెండంతస్తుల రైలు కింది అంతస్తులోని కెఫే నుంచి రెండు కాఫీలు తెచ్చారు. ఆవిడ ఆయన కప్పు మూత తీసి, వాసన చూసి, నెమ్మదిగా చెప్పారు.

"కాస్త మాడింది. అడుగున ఎక్కడో బెల్లం పాకంలా ఉంది. పాలు మాత్రం మంచివే."

ఆయన కళ్లు మూసుకుని అంతా విన్నారు. ఆ తర్వాతే మొదటి గుక్క తాగారు.