స్విట్జర్ వారి పిల్లవాడు, పోలవరపు వారి పిల్ల

డాక్టర్ వసుంధర పట్టిన పట్టు వదలదని ఐర్లండులో పోర్ట్‌లీష్ అనే ఊళ్ళో ఉన్న తెలుగు కుటుంబాలన్నిటికీ తెలుసు. ఆసుపత్రిలో పిల్లల వార్డు ఆవిడది. "జ్వరం తగ్గింది కదా డాక్టర్, ఇంటికి తీసుకుపోతాం" అని తల్లిదండ్రులు ఎంత బతిమాలినా తనకి నమ్మకం కుదిరేదాకా పంపదు. అంతటి మనిషీ ఒక్క విషయంలో మాత్రం ఎవరూ చెప్పకుండానే తల వంచేసింది. అది కూతురి పెళ్ళి దగ్గర బయటపడింది.

ఆవిడ పుట్టింది తణుకులో. మెట్టింది పోలవరపు వారింట్లో. భర్త రాజ్‌కిరణ్ సాఫ్ట్‌వేరు ఉద్యోగి, నవ్వితే నాలుగిళ్ళకి వినిపించే మనిషి. కూతురు లోహిత ఒకటో తరగతిలో ఉండగా గుండె ఆగి పోయాడు. వచ్చెయ్యమని తణుకునుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆవిడ వెళ్ళలేదు. పిల్ల బడి ఇక్కడ, తన ఉద్యోగం ఇక్కడ, ఆయన కొన్న ఇల్లు ఇక్కడ. అక్కడికి వెళ్ళి ఎవరింట్లో మూల కూర్చోవాలి అంది.

అలా నిలబడగలిగిందంటే సగం పుణ్యం పక్కింటి నెడ్‌ది. రిటైరైన బస్సు డ్రైవరు. పెద్దగా మాట్లాడడు. ఆయనా, భార్య ఐవీ కలిసి లోహితని బడికి దింపడం, తీసుకురావడం, వసుంధరకి డ్యూటీ ఉన్నప్పుడల్లా అన్నం పెట్టి హోంవర్కు చేయించడం, ఒకటా రెండా. రాజ్‌కిరణ్ ఆయన్ని నవ్వులాటకి "అన్నా" అనేవాడు. ఆ లెక్కన లోహితకి ఆయన పెదనాన్న అయ్యాడు. తెలుగువాళ్ళం కదా, వరస కలపనిదే మనకి అన్నం సహించదు.

ఆ లోహిత పెద్దదై, డిగ్రీ చేసి, కాలిన్ అనే కుర్రాణ్ణి చేసుకుంటానంది. లిమరిక్ వైపు వాళ్ళు. రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. పప్పులో ఆవకాయ కలుపుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ కూడా రెండోసారి వడ్డించుకున్నాడు. వసుంధరకి నచ్చాడు. పెళ్ళి మన పద్ధతిలో కావాలంది, వాళ్ళు సరేనన్నారు.

మరి కన్యాదానం ఎవరు చేస్తారు? రాజ్‌కిరణ్ వైపు దగ్గరవాళ్ళెవరూ మిగల్లేదు. ఇక్కడే ఆవిడ తల వంచింది. భర్త పోయినవాళ్ళు పీటల మీద కూర్చోరాదు. ఆ మాట ఎవరూ ఆవిడకి పనిగట్టుకుని చెప్పలేదు. చిన్నప్పటినుంచీ చూస్తూ పెరిగింది, అంతే. తన నీడ పిల్ల మీద పడకూడదనుకుంది. నెడ్, ఐవీ కూర్చుంటారని తేల్చేసింది. నెడ్ మహదానందంగా ఒప్పుకుని, యూట్యూబ్ చూసి పంచె కట్టుకోవడం కూడా మొదలుపెట్టాడు.

పురోహితుడు బుచ్చిబాబుగారు డబ్లిన్‌లో వారమంతా కంప్యూటరు ముందు, శనాదివారాలు హోమగుండం ముందు. ఆయనో ఉదయం ఫోన్ చేశాడు.

"అమ్మా, శుభలేఖకి వరుడి ఇంటిపేరేటమ్మా?"

రెండేళ్ళుగా ఎరిగిన అల్లుడి ఇంటిపేరు తెలియకపోవడమేమిటని మీరు ముక్కున వేలేసుకుంటారు. లోహిత అడగనిస్తే కదా. "ఇంటిపేరూ, ఊరూ, తాతా అని స్టార్ట్ చేస్తే పోలీసులు ఇంటరాగేట్ చేసినట్టుంటుంది మమ్" అని మొదట్లోనే నోరు కట్టేసింది. ఇప్పుడు టోస్టు తింటూ తాపీగా చెప్పింది.

"స్విట్జర్. యు నో దట్, మమ్."

వసుంధర చేతిలో గరిటె ఆగింది. పక్కింటి నెడ్‌దీ అదే ఇంటిపేరు.

ఆ మాట చెబితే ఫోన్లో బుచ్చిబాబుగారు నిట్టూర్చాడు. "ఇదేటి చోద్యమమ్మా. ఇచ్చేవాళ్ళూ స్విట్జర్లే, పుచ్చుకునేవాళ్ళూ స్విట్జర్లే అయితే అన్నాచెల్లెళ్ళకి పెళ్ళి చేసినట్టవదూ?"

ఆవిడ మనసులోనే వరస లెక్క వేసింది. నెడ్ పెదనాన్న. పెదనాన్న ఇంటిపేరు పిల్లవాడు అన్న వరస. లోహిత "మమ్, ఆర్ యు సీరియస్?" అని నవ్వింది కానీ, తల్లి మొహం చూసి నవ్వు ఆపేసింది.

వసుంధర అలాగే పక్కింటికి నడిచింది. "కాలిన్ ఇంటిపేరు మీకు తెలుసా?"

"తెలుసు, మొదటిరోజే చెప్పాడు. ఏం?" అన్నాడు నెడ్.

"మీకేమవుతాడు?"

నెడ్ బుర్ర గోక్కున్నాడు. "లిమరిక్‌లో మా ర్యాత్‌కీల్ వైపు రాయి విసిరితే స్విట్జర్‌కి తగులుతుంది. ఎవరికెవరు ఏమవుతారో మా నానమ్మకి తెలిసేది. ఆవిడ లేదు."

ఇంకొకరైతే పోనిద్దూ అనుకునేవారు. ఈవిడ శనివారం పొద్దున్నే నెడ్‌ని కారెక్కించి లిమరిక్ జిల్లాకి బండి కట్టింది. తాడోపేడో తేలాల్సిందే.

ర్యాత్‌కీల్ దగ్గర చర్చి పక్క శ్మశానంలో సన్నగా వాన. ఏ రాయి మీద చూసినా స్విట్జర్. వాళ్ళ మధ్య అక్కడక్కడ టెస్కీలు, రటిల్‌లు. ఐర్లండులో ఇన్ని జర్మన్ పేర్లేమిటని నెడ్‌ని అడిగింది. మూడొందల ఏళ్ళ కిందట రైన్ నది ఒడ్డున యుద్ధాలతో, చంపే చలితో ఊళ్ళు నాశనమైతే, పాలటినేట్ అనే ఆ సీమ వాళ్ళు పడవలెక్కి లండన్ చేరారట. అక్కడినుంచి కొందరిని ఇక్కడికి పంపితే ఓ జమీందారు పొలాలిచ్చాడట.

"జర్మనీ వాళ్ళకి స్విట్జర్ అని పేరేమిటి?"

"జర్మనీకి ముందు స్విట్జర్లాండులో ఉండేవాళ్ళు. అక్కడినుంచి వలసొచ్చినవాడెవడైనా స్విట్జరే. ఆ తర్వాత ఇక్కడినుంచి కెనడా వెళ్ళినవాళ్ళు పిల్లాపాపలతో ఇంతై అంతయ్యారు. వాళ్ళూ స్విట్జర్లే."

"అక్కడే ఉండిపోయినవాళ్ళో?"

"స్విట్జర్లాండులో అందరూ స్విస్సే కదా. ఇంకా ప్రత్యేకంగా ఆ పేరు పెట్టి పిలిచేదెవరు?" అని నెడ్ ఓ రాయి ముందు ఆగాడు. "మా నానమ్మ. స్విట్జర్‌గా పుట్టి స్విట్జర్‌ని చేసుకుంది. ఇద్దరి మధ్యా చుట్టరికం ఏమీ లేదు."

"అయ్యో రాత" అనుకుంది వసుంధర. అంతలోనే ఆవిడకి నవ్వొచ్చింది. తన అత్తింటివాళ్ళ సంగతేమిటి? పోలవరం వదిలొచ్చారు కాబట్టి పోలవరపువాళ్ళు అయ్యారు. పోలవరంలో ఉన్నవాణ్ణి ఎవరూ పోలవరపు అనరు. ఆ ఊరు వదిలినవాళ్ళు ఒక్క ఇంటివాళ్ళూ కాదు, ఒక్క కులంవాళ్ళూ కాదు. ఆసుపత్రిలో ఇంకో పోలవరపు డాక్టరుంటే, గోత్రాలు కలవక ఏ వరసా లేదని తేల్చింది తనే. ఇంత తెలిసీ, నానమ్మలతోనే పోయిన చుట్టరికం కోసం వానలో రాళ్ళు వెతకడానికొచ్చింది.

కార్లో కూర్చుని ఫోన్ చేసి, పేరు అడ్డం కాదు, రెండిళ్ళూ వేరని బుచ్చిబాబుగారికి చెప్పింది.

"సరేనమ్మా. కానీ అనుమానం పెట్టుకుని శుభకార్యం దేనికి? డబ్లిన్‌లో మన వెంకట్‌గారు దంపతులున్నారు, మీ గోత్రమేనండి. వాళ్ళని కూర్చోబెట్టేద్దారి."

వెంకట్‌ని ఆవిడ ఒక్కసారి చూసింది, ఉగాదికి పులిహోర వరసలో. లోహిత ఎత్తెంతో కూడా అతనికి తెలియదు. తెలియనివాడు గోత్రం కలిసిందని తన పిల్లని ధారపోస్తాడట. వసుంధరకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే, ఇన్నాళ్ళూ అడగని ప్రశ్న నోట్లోంచి వచ్చేసింది.

"తల్లి ఇవ్వకూడదని శాస్త్రంలో ఉందా అండీ?"

బుచ్చిబాబుగారు గొంతు తగ్గించాడు.

"లేదమ్మా. తండ్రి, తాత, అన్నదమ్ములు, జ్ఞాతులు, వీళ్ళెవరూ లేనప్పుడు తల్లి అనే ఉంది. మనవాళ్ళు కూర్చోనివ్వరు. ఎవరూ అడగరు, మేమూ చెప్పం."

వసుంధర ఫోన్ పెట్టేసి స్టీరింగు మీద తలానించి ఏడ్చింది. నెడ్‌కి హక్కుందో లేదో తేల్చడానికి మూడొందల ఏళ్ళు తవ్వడానికి వచ్చింది. తనకుందో లేదో ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. జ్వరాలకి రాత్రిళ్ళు కాపలా కాసింది తను, ఫీజులు కట్టింది తను, తండ్రి లేని లోటు తెలియకుండా పెంచింది తను. పిల్లకి తన నీడ తగలకూడదని అనుకున్నది కూడా తనే. ఆ చివరిమాటకి ఆవిడ తనని తాను క్షమించుకోలేకపోయింది.

"నాకిక పని లేనట్టేనా?" అన్నాడు నెడ్ మెల్లిగా.

"ఎందుకు లేదు? ఇవాళ్టినుంచి మీరు మా ఆయనకి అన్నయ్య కాదు, నాకు అన్నయ్య. అంటే లోహితకి మేనమామ. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావాల్సింది మేనమామే. మేనమామ ఇంటిపేరు పిల్లవాడంటారా, మాకు అంతకన్నా మంచి సంబంధం లేదు."

"బుట్టలోనా?" అన్నాడు నెడ్. "నా నడుము సంగతి చూసుకునే అన్నావా?"

పెళ్ళిరోజున కమ్యూనిటీ హాలు నిండిపోయింది. నెడ్ ఒక పక్క, కాలిన్ స్నేహితులు మిగతా పక్కలా పట్టుకుని బుట్ట తెచ్చారు. నెడ్ పంచె ఊడలేదు, అదే గొప్ప. వసుంధర పీట వైపు నడుస్తుంటే ఓ పెద్దావిడ చెయ్యి పట్టుకుంది. "ఏమనుకోకమ్మా. పిల్ల మేలు కోరే చెప్తున్నా. వెంకట్‌గారు ఉన్నారుగా."

ఆ పెద్దావిడ చెడ్డమనిషి కాదు. అందుకే ఆ మాట సూటిగా తగిలింది. ఏదైనా అయితే? రేపు పిల్లకి ఏ కష్టమొచ్చినా నా వల్లే అంటారేమో? వసుంధర కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. తెర ఇవతల లోహిత తల వంచుకుని కూర్చుని ఉంది. చేతులు తండ్రి పోలిక, పొడుగు వేళ్ళు. వసుంధర నెమ్మదిగా తన చెయ్యి విడిపించుకుంది.

"పిల్ల మేలు నాకు తెలుసండీ" అని వెళ్ళి పీట మీద కూర్చుంది.

బుచ్చిబాబుగారు పంచపాత్ర అందుకుని, అలవాటు కొద్దీ ముందు వరసలో కూర్చున్న మగవాళ్ళ వైపు చూశాడు.

"కన్యాదాత ఎవరండీ, ఇలా రండి."

"ఇక్కడున్నాను" అంది వసుంధర. "ఇటు చూడండి."

ఆయన ఇటు తిరిగాడు. ఆవిడ లోహిత చెయ్యి కాలిన్ చేతిలో పెట్టి, చెంబు ఎత్తి నీళ్ళు ధారపోసింది.