ఏడు జయపాల్ గారిది

ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ అమ్మే జయపాల్ గారు ఏ విషయాన్నీ నోటితో తేల్చరు, పాచికలతో తేలుస్తారు. అందరూ పెన్ను పెట్టుకునే జేబులో ఆయనకు రెండు పాచికలుంటాయి.

కొత్త కోడలు కెజియాకు ఆ సంగతి మొదటి ఉదయమే తెలిసింది.

"మామయ్యా, ఇడ్లీ పెట్టనా, ఉప్మా చెయ్యనా?"

"సరి పడితే ఇడ్లీ, బేసి పడితే ఉప్మా. ఆరు ముఖాల్లో మూడు సరి, మూడు బేసి. అన్యాయం లేదమ్మా!" అంటూ పాచిక విసిరారు. అది దొర్లుకుంటూ పోయి ఫ్రిజ్ కింద దూరింది. ఇంటిల్లిపాదీ నేలమీద పడుకుని చీపురుతో దాన్ని లాగేసరికి, కొడుకు ఆరోన్ హోటల్ నుంచి పూరీలు తెచ్చేశాడు.

కొట్లోనూ అదే తంతు.

"బేరింగు సాయంత్రానికి వస్తుందాండీ?" అనడిగాడు హనుమాన్ జంక్షన్ డ్రైవరొకాయన.

"రెండు పాచికలేస్తే ఒక్క ఆరన్నా పడ్డానికి ఎంత అవకాశముందో, అంత. ముప్పై ఆరింట్లో పదకొండు."

"అంటే వస్తుందా, రాదా?"

"నేనూ అదే చూస్తున్నా."

క్యారేజీ తెచ్చిన కెజియా వేళ్లు మడిచింది. "ఒక్కో పాచికకీ ముప్పై ఆరింట్లో ఆరు. రెంటికీ పన్నెండు కదా మామయ్యా?"

"రెండూ ఆర్లే పడేదాన్ని రెండుసార్లు లెక్కేశావమ్మా. ఒకటి తీసెయ్."

ఎందుకు తీసెయ్యాలో ఆమెకు ఇంటికెళ్లేదాకా అర్థం కాలేదు. ఇంటికెళ్లాకా అర్థం కాలేదు.

ఇంతలో అత్తగారు మార్తమ్మకు మోకాలి ఆపరేషను జరిగింది. కొన్నాళ్లు పగలంతా పక్కన మనిషుండాలి. సరిగ్గా అప్పుడే కెజియాను పామర్రు స్కూల్లో టీచరుగా చేరమన్నారు.

"కోడలుందిగా! ఉద్యోగం ఎక్కడికి పోతుంది?" అన్నారు చుట్టాలు. ఆరోన్ తల గోక్కున్నాడు. కెజియాకు కన్నీళ్లొక్కటే తక్కువ.

"ఆగండి," అన్నారు జయపాల్ గారు. "రెండు పాచికలూ కలిపి రెండొస్తే కోడలు ఆగిపోవాలి. ఏడొస్తే నేను కొట్టు మూసుకుని కూర్చోవాలి. ఏది ముందొస్తే అది."

"ఆమెకో అంకె, నీకో అంకె. న్యాయంగానే ఉంది," అని చుట్టాలు ఒప్పుకున్నారు.

తొమ్మిది పడింది. నాలుగు పడింది. తర్వాత ఒకదాని మీద అయిదూ, రెండోదాని మీద రెండూ.

"ఏడు! చూశారా నా ఖర్మ!" అని ఆయన నెత్తి కొట్టుకున్నారు.

ఉద్యోగంలో చేరిందన్నమాటే గాని కెజియాకు మనసు మనసులో లేదు. ఒక ఆదివారం అత్తగారికి జడ వేస్తూ, "మామయ్యకు బొత్తిగా అదృష్టం లేదత్తయ్యా," అంది.

మార్తమ్మ మోకాలు పట్టుకుని మరీ నవ్వింది. "పిచ్చిదానా, రెండు ఎట్లా వస్తుంది?"

"ఒకటీ, ఒకటీ."

"ఇంకెట్లా?"

"ఇంకెట్లానూ రాదు."

"మరి ఏడు?"

"ఒకటీ ఆరు, రెండూ అయిదు, మూడూ నాలుగు..." కెజియా జడ వదిలేసింది. "తిరగేస్తే ఇంకో మూడు. ఆరు దారులు!"

"పెళ్లైన కాణ్ణించీ ఏడు నాకు ఒక్కసారీ ఇవ్వలేదే ఆ మనిషి. ఓడిపోయినట్టు మొహం పెట్టి, పనంతా తనే చేసేవాడు."

ఆ సాయంత్రం కెజియా పాచికలు తనే అడిగి తీసుకుంది. "గిన్నెలు ఎవరు తోమాలో చూద్దాం. ఏడొస్తే నేను, రెండొస్తే మీరు."

ఆయన మొహం వాడిపోయింది. "ఏడు నాది కదమ్మా!"

"ఇవాళ నాది." విసిరింది.

ఒకటీ, ఒకటీ.

జయపాల్ గారు కళ్లజోడు సవరించుకున్నారు. వంగి చూశారు. ఒక పాచికను ఎత్తి, అడుగున ఆరుందో లేదో కూడా చూశారు. "మొదటి విసురుకే? ఇదెట్లా కుదిరింది?" అని గొణుక్కుంటూ, లుంగీ ఎగ్గట్టి, సంబరంగా సింకు దగ్గరికి నడిచారు.

కెజియా ఏ లెక్కా వెయ్యకుండా వెళ్లి, గిన్నెలు కడగడానికి ఆయన పక్కన నిలబడింది.