ఆదివారం నాటి ఖాళీ

నాకు నిదానం తక్కువ. పని చేతికొస్తే ఆ పూటే తెమిలిపోవాలి. కృష్ణ ఒడ్డున, కరకట్ట పక్క స్థలానికి జోన్ మార్చి, కింద దుకాణాలు, పైన ఫ్లాట్లు కట్టాలనుకున్నారు. దాని సర్వే మా ఆఫీసుకొచ్చింది. ఆదివారం పెట్టుకుందామన్నది నేనే. ఆ రోజైతే అడ్డొచ్చేవాళ్ళు ఉండరు. గుడికి రమ్మని, అంటే చర్చికి, మా ఇళ్ళలో అలాగే అంటాం, అమ్మ పిలుస్తున్నా వినకుండా పటమట నుంచి బండి తీశాను. మధ్యాహ్నానికల్లా కొలతలు అయిపోయాయి. ప్రస్తుత వాడకం అన్న గడిలో 'ఖాళీ' అని రాసి సంతకం పెట్టాను.

అభ్యంతరాలుంటే చెప్పమన్న నోటీసు అంటించడానికి ఒక మంగళవారం వెళ్తే, స్థలం నిండా ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు ఆరుతున్నాయి. బట్టలుతికే కుటుంబాలకు అదే ఆధారమట. దొంగల భయంతో శనివారం సాయంత్రం గుంజలు పీకి, తాళ్ళు చుట్టి ఇంటికి పట్టుకెళ్తారు. సోమవారం పొద్దున మళ్ళీ పాతుకుంటారు. జోన్ మారితే ఆరేసుకునే చోటు పోతుంది, దాంతో పనీ పోతుంది.

నోటీసులో సర్వే చేసిన తేదీ చదివి ఒక మామ్మగారు నావైపు తిరిగి "వందనాలమ్మా" అన్నారు. గుళ్ళో పలకరించుకునే అలవాటుకొద్దీ "వందనాలండి" అనేశాను. ఆవిడ తడి దుప్పటి దులపడం ఆపి నావైపు తేరిపార చూశారు.

"నువ్వూ మనోళ్ళ పిల్లవేనన్నమాట. మరి ఆదివారం మేం గుళ్ళో ఉంటామని నీకు తెలీదా?"

ఆ రోజంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాను. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఇప్పుడు తప్పని ఒప్పుకుంటే సర్వే మొత్తం పోతుందని మా పెద్దసారు నచ్చజెప్పబోయారు. పోతే పోనీయండన్నాను. ఫొటోలు జతచేసి, పొరపాటు నాదేనని రాసి ఇచ్చాను. పరిశీలిస్తామన్నారు. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు.

ఆ మాట చెబుదామని మొన్న ఆదివారం వెళ్ళాను. ఈసారి గుంజలు పీకలేదు. తాడు మీద రెండు దుప్పట్లు, వాటి నీడలో ఒళ్ళో బైబిలు పెట్టుకుని మామ్మగారు. మళ్ళీ ఎవరైనా కొలవడానికొస్తారేమోనని వారానికొకరు గుడి మానేసి కాపలా ఉంటున్నారట. నాకు సిగ్గేసింది. మీరు వెళ్ళి రండి, ఈ పూటకి నేను కూర్చుంటానన్నాను.

ఆవిడ కదల్లేదు.

"వద్దులేమ్మా. ఆ రోజూ నువ్విక్కడే ఉన్నావుగా."