మంచం దిగిన అవ్వ

ఐటీ కంపెనీల పుణ్యమా అని చేవెళ్ల రోడ్డు పక్క పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. నేను నర్సుగా కొత్తగా చేరాను. ఒకరోజు చేవెళ్ల బస్సులో నా పక్కన నడుము వంగిన అవ్వ ఒకామె కూర్చుంది. మొయినాబాద్ దగ్గర పడుతుంటే కడ్డీ పట్టుకుని లేచింది.

"ఆగవ్వా, నేను దించుత. పడితే ఎముక ఇరుగుతది," అన్నాను.

"ఇరిగింది బిడ్డా. పోయినేడు తుంటి ఇరిగితే ఆపరేషన్ చేసిండ్రు. మల్ల పడతనని మావోళ్లు ఆర్నెల్లు మంచం దిగనియ్యలే. కాళ్లు పుల్లలైనయ్. ఎముకలు గుల్లబారినయ్, నడువకుంటే ఇంకింత గుల్లయితయని డాక్టరమ్మ అందర్నీ తిట్టింది. గప్పట్నుంచి పండుమంటే ఎవ్వరి మాట ఇంటలేను."

నేను చంక కింద చెయ్యి వేస్తే మెల్లగా తీసేసింది. రెండు చేతులా కడ్డీ పట్టుకుని, పాదంతో మెట్టు తడిమి చూసుకుని ఒక్కో అడుగు దించింది.

"జల్ది దిగవ్వా!" అని కండక్టర్ అరిచాడు.

"దిగుతున్న గదా! నీ బస్సు ఎగిరిపోతదా?" అని, తన తీరుగానే దిగి వెళ్లిపోయింది.

అప్పుడు మా వార్డులో తుంటి ఆపరేషనైన ముసలమ్మ ఒకామె ఉండేది. నడిపించమని డాక్టర్ రాసినా, పడుతుందన్న భయంతో నేనే రేపు మాపు అంటున్నాను. మర్నాడు నేల తడి లేకుండా తుడిపించి, వాకర్ ఇచ్చి లేపాను.

"పడితే ఎవరిది జిమ్మేదారి?" అని ఆమె కొడుకు అడ్డొచ్చాడు.

"నాదే," అన్నాను.

ముసలమ్మ కిటికీ దాకా నాలుగడుగులు వేసింది.