కాళ్ల షోర్వాతో నా వైద్యం

నా వైద్యం వల్ల ఒక మనిషికి తుంటి ఎముక విరిగింది. ఆ మనిషి మా అమ్మ. నవ్వొస్తే నవ్వుకోండి, నాకే నవ్వు రాదు.

అప్పుడు నేను మక్తల్‌లో డిగ్రీ మొదటి ఏడాది. జంతుశాస్త్రం చదువుతున్నాను కాబట్టి మనుషుల రోగాలన్నీ నాకు తెలుసని ధీమా. అమ్మకు నలభై నిండకముందే గర్భసంచీతో పాటు అండాశయాలూ తీసేశారు. అప్పటినుంచి ఒంట్లో ఆవిర్లు, చెమటలు. పాలమూరు డాక్టరమ్మ హార్మోను మాత్రలు రాసి, "నీ బొక్కలకు గూడ ఇవే కాపలా. నన్ను అడగకుండ బంద్ చెయ్యకు" అని మరీ మరీ చెప్పింది.

నేను మాత్రల డబ్బాలోని కాగితం విప్పాను. దుప్పటంత ఉంది. అందులో 'క్యాన్సర్' అన్న మాట కనబడగానే మిగతాది చదవడం మానేశాను.

"అమ్మా, గివి ఏసుకుంటే సస్తవ్!"

"డాక్టరమ్మ ఏసుకొమ్మన్నది గదనే?"

"ఆమెకు పనెక్కువ. గీ కాగితం నేను చదివిన."

వేలిముద్ర వేసే అమ్మకు చదువుకున్న బిడ్డ మాటే శాసనం. "గట్లనే తియ్" అని డబ్బా నా చేతిలో పెట్టింది.

మరి డాక్టరమ్మ చెప్పిన బొక్కలు, అదే, ఎముకల సంగతో? మాది గొర్లు కాసే ఇల్లు. మా దగ్గర మనిషికి ఎముక విరిగితే మేక కాళ్ల షోర్వా తాగిస్తారు. విరగకముందే తాగిస్తే అసలు విరగనే విరగదు కదా! అలా ప్రతి ఆదివారం కాళ్లు ఉడికాయి. అమ్మ గిన్నెడు తాగేది, మిగతా కుండ నేను ఖాళీ చేసేదాన్ని. నా ఎముకలు మాత్రం ఇప్పటికీ ఇనుమే.

ఆరేళ్ల తర్వాత దొడ్డిలో గొర్రెపిల్లను ఎత్తబోయి అమ్మ జారి కూలబడింది. అంతే, తుంటి విరిగి లేవలేకపోయింది.

"గీ వయసుకే బొక్కలు గిట్ల గుల్లైనయేంది? మాత్రలు ఎవరు బంద్ చేయించిన్రు?" అని డాక్టరమ్మ కేకలేసింది. నేను గోడకేసి చూశాను.

"నేనే మరిసిన మేడం. గొర్ల ఎంట తిరిగేదాన్ని, యాదికుంటదా?" అంది అమ్మ, మంచం మీద నుంచే.

దవాఖాన మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ మళ్లీ మంద వెంట పోలేదు. నాయిన ఒక్కడే తోలుకుపోతుంటే వాకిట్లో కూర్చుని గొర్లను పేరుపేరునా పిలిచేది.

ఇంటికొచ్చిన రోజే కొత్త మందుల డబ్బా నా ముందు పెట్టింది.

"జర చదివి చెప్పు బిడ్డా, ఏసుకోవాల్నా?"

అంత జరిగాక కూడా నన్నే అడిగింది! అందుకే, పాఠక మహాశయులారా, మా మంద సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై నా వైద్యం గొర్రెలకు కూడా చేయను.