ఒకే గాలికి అందని ఇల్లు

డెస్ పర్కిస్ చేతులు గుడ్డకు తుడుచుకుని, బల్ల మీదున్న దీపాన్ని దగ్గరికి లాక్కున్నాడు. దీపం కింద తపాలా బిళ్ళంత కెమెరా కార్డు ఉంది. దాన్ని చిటికెన వేలి కొసతో తిప్పి, ఇత్తడి రంగు అంచుల మీద దుమ్ము ఉందేమోనని చూశాడు. మెత్తని బ్రష్షుతో రెండుసార్లు దులిపాడు. చాలదనిపించి మూడోసారి కూడా దులిపాడు.

"అంత ఊపిరి బిగబట్టకు. అదేం పేలిపోదులే," అంది విల్మా స్ట్రాహన్ షెడ్డు గుమ్మంలో నిలబడి.

"నువ్వక్కడ నిలబడితే వెలుతురు రాదు. లోపలికైనా రా, బయటికైనా పో."

"ముప్పై ఏళ్ళుగా ఇదే మర్యాద నీది." విల్మా లోపలికొచ్చి బోర్లించిన పాల క్రేటు మీద కూర్చుంది.

కార్డు ఆమె కూతురు రోనాది. రోనా పోయి ఐదేళ్ళు. లాన్సెస్టన్‌లో ఆమెతో గది పంచుకున్న పిల్ల ఇల్లు మారుతూ పాత సంచీ దులిపితే, లోపలి జేబులోంచి ఇది పడిందట. చిన్న కవర్లో పెట్టి పోస్టులో పంపింది. అందులో ఏమున్నాయో విల్మా ఇంకా చూడలేదు.

"ముందు కాపీలు తియ్యి. అవి భద్రంగా ఉన్నాయని నువ్వు చెప్పాకే చూస్తాను. చూసి మళ్ళీ పోగొట్టుకునే ఓపిక నాకు లేదు."

"పట్నంలో కుర్రాళ్ళున్నారు విల్మా. మిషన్లున్నాయి వాళ్ళ దగ్గర. అక్కడికి తీసుకెళ్ళు."

"వాళ్ళకి తెలియంది నీకొకటి తెలుసు."

"ఏంటది?"

"పోతే ఎలా ఉంటుందో."

డెస్ బ్రష్షు కింద పెట్టాడు. విల్మా లేచి, గురువారం వస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

డెస్‌ది ఫ్రిజ్జుల పని. ఎవరూ నేర్పలేదు. పదహారేళ్ళప్పుడు ఊరి చెత్తగుట్ట నుంచి పాడైన ఫ్రిజ్జుల్ని చక్రాల బండి మీద తెచ్చి విప్పి చూసేవాడు. ఆరోది పనిచేసింది. అప్పటినుంచి వాళ్ళ ఊరు వారంబీలో మాంసం కొట్టుకీ, పాల డిపోకీ, సారా దుకాణానికీ అతనే దిక్కు. వేడి ఎటునుంచి వస్తుంది, ఎక్కడ ఆగుతుంది, ఏ గోడ ఎంతసేపు కాస్తుంది, ఇదే అతని చదువు. అగ్నిమాపక దళంలో కూడా ఇరవై రెండు వేసవులు పనిచేశాడు. అందుకే ఊళ్ళో ఎవరికైనా ఇనప్పెట్టె కావాలంటే ముందు డెస్‌ను అడిగేవారు.

విల్మాకు పెట్టె ఎంచింది అతనే. తలుపు మీద గంటసేపు మంటకు తట్టుకుంటుందని రాసి ఉంది. కాంక్రీటు నేలకు నాలుగు బోల్టులతో బిగించాడు. విల్మా ఇంటి కాగితాలు లోపల పెట్టింది. తర్వాత రోనా ఫోటోలన్నీ ఉన్న నీలం డిస్కు కూడా పెట్టింది. ఇంకో కాపీ ఇంట్లో కంప్యూటర్లో ఉండేది. రెండు కాపీలున్నాయి కదా అని అందరూ నిశ్చింతగా ఉన్నారు. ఆ రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయని ఎవరికీ తట్టలేదు.

మూడు వేసవుల కిందట వాయవ్యపు గాలి అడవి మంటను కొండ దించింది. విల్మా కుక్కతో, మందుల సంచీతో బయటపడింది. తెల్లారేసరికి వాళ్ళ వీధిలో పొగగొట్టాలు మాత్రమే నిలబడి ఉన్నాయి, విల్మా ఇంటి బూడిద మధ్య పెట్టె కూడా.

వేడిగా ఉన్నప్పుడే తెరిస్తే గాలి తగిలి లోపలివి భగ్గుమంటాయని డెస్‌కు తెలుసు. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మూడు రోజులు దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చల్లారుతూ ఇనుము టిక్కు టిక్కుమనేది. నాలుగో రోజు పొద్దున, అగ్నిమాపక దళం అంతా చుట్టూ నిలబడి ఉండగా తాళం కోసి తెరిచాడు. కాగితాలు టీ రంగు తిరిగాయి, అయినా ప్రతి అక్షరం చదవొచ్చు. ఎవరో చప్పట్లు కొట్టారు. కాగితాల కింద నీలం డిస్కు ఎండకు వదిలేసిన వెన్నముక్కలా జారిపోయి, అరకు అంటుకుని ఉంది.

కాగితం నూట డెబ్బై డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. డిస్కుకు అరవై దాటితే చాలు, ప్రాణం మీదికొస్తుంది. పైగా ఆ పెట్టె గోడల్లో దాచిన తేమ మంటకు ఆవిరై లోపలికే వస్తుంది. పెట్టె తన పని తాను సరిగ్గానే చేసింది. అది కాగితాల పెట్టె. మంట గురించి అన్నీ తెలిసిన ఊరు గంటసేపన్న మాట చూసింది. ఆ గంటలో లోపల ఎంత వేడి అని అడగలేదు. అడగాల్సినవాడు డెస్. వేడిని కొలిచి బతికినవాడు అతను.

విల్మా ఒక్క మాట అనలేదు. మంట రాని ఈ వీధిలో, డెస్ పక్కనే కొత్త ఇల్లు కట్టుకున్నాక ఆ పెట్టెను కోళ్ళ దాణాకు వాడుకుంది. "ఎలుకలు దూరలేవు. ఇంత మంచి డబ్బా ఎక్కడా దొరకదు," అంటుంది. ఆ తలుపు చప్పుడు రోజూ సాయంత్రం కంచె దాటి డెస్ షెడ్డులోకి వినిపిస్తుంది. అప్పుడు అతని చేతిలో ఏ పని ఉన్నా ఆగిపోతుంది. మోటారు ఆపిన ఫ్రిజ్జు చల్లారుతూ టిక్కుమన్నా అంతే.

మంట తర్వాత ఊరివాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ప్రతి ఇంటికీ ఒక గాలి చుట్టం ఉండాలి. కొండలకు అవతల, గోధుమ మైదానంలో, మనల్ని కాల్చిన గాలి కాల్చలేని ఇల్లు. మన ఫోటోల కాపీ వాళ్ళింట్లో, వాళ్ళ కాపీ మనింట్లో. విల్మా గాలి చుట్టాలు గొర్రెల బొచ్చు కత్తిరించే కుటుంబం. ఒకరినొకరు ఇంతవరకు చూసుకోలేదు. వాళ్ళ పెళ్ళి ఫోటోలు మాత్రం విల్మా బీరువాలో ఉన్నాయి.

డెస్ కార్డుకు ఉన్న చిన్న మీటను జరిపాడు, పొరపాటున ఏదీ చెరిగిపోకుండా. రెండు కొత్త డిస్కులు తీసి, కంప్యూటరుకు తగిలించి, కార్డులోవి వాటిలోకి ఎక్కించాడు. రెండొందల పద్నాలుగు ఫోటోలు. ఎక్కాయని తెర మీద వచ్చినంత మాత్రాన అతను నమ్మడు. ఒక్కొక్కటీ తెరిచి చూడాలి, రెండు డిస్కుల్లోనూ. పడవ రేవులో రోనా. తడి జుట్టుతో రోనా. నూడుల్స్ గిన్నె ఎత్తి చూపిస్తూ రోనా. ఆ పిల్ల ఈ షెడ్డులోనే సైకిలు గొలుసు ఎక్కించడం నేర్చుకుంది. చూస్తూ పోయాడు.

నూట ముప్పై ఒకటో ఫోటోలో అతనే ఉన్నాడు. విల్మా పాత ఇంటి నేల మీద మోకాళ్ళూని, పెట్టె మీద అరచెయ్యి వేసి నవ్వుతున్నాడు. పెట్టె మీద నీలం డిస్కు. ఫోటో తీస్తున్న రోనా కనబడదు. ఆమె నీడ మాత్రం నేల మీద సాగి అతని చేతి దాకా వచ్చింది. ఆ క్షణాన తనేమన్నాడో డెస్‌కు గుర్తుంది. "ఇల్లు పోయినా ఇది పోదు."

కంచె అవతల పెట్టె తలుపు మూసిన చప్పుడైంది. కార్డు మీట వెనక్కి జరిపి, మూడు చోట్లా ఇదొక్కటి చెరిపేస్తే రెండొందల పదమూడవుతాయి. విల్మా ఇంకా చూడలేదు. ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు.

కీబోర్డు మీదనుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి నూట ముప్పై రెండోది తెరిచాడు.

గురువారం లైబ్రరీ వ్యాను మైదానం వైపు వెళ్ళే రోజు. గాలి చుట్టాలకు పంపే డబ్బాలూ దాంట్లోనే వెళ్తాయి. పదిగంటలకు డ్రైవరు కోరాలీ హారను కొట్టింది. అప్పటికే విల్మా షెడ్డులో ఉంది. డెస్ రెండు డిస్కుల మీదా అంటించిన కాగితంపై తన చేత్తో రాశాడు: స్ట్రాహన్, రోనా, 214.

"అన్నీ తెరుచుకున్నాయా?" అంది విల్మా.

"రెండేసిసార్లు." డెస్ పెన్ను పక్కన పెట్టాడు. "నువ్వు చూసేముందు ఒకటి చెప్పాలి. నూట ముప్పై ఒకటి నాది. ఆ పెట్టె బిగిస్తున్నాను. డిస్కు పైనే ఉంది."

విల్మా కిటికీలోంచి కోళ్ళ గూడు వైపు చూసింది.

"నవ్వుతున్నావా?"

"ఆఁ."

"రోనాకి ఎవరినైనా నవ్వించేదాకా తోచేది కాదు." మళ్ళీ డెస్ వైపు తిరిగింది. "తీసేద్దామనుకున్నావు కదూ?"

"అనుకున్నాను."

"తీసుంటే నీ కాళ్ళిరగ్గొట్టేదాన్ని ముసలోడా. దాని నీడైనా పడి ఉంటుంది అందులో."

డెస్ తలూపాడు. ఒక డిస్కు ఆమె చేతిలో పెట్టాడు. "ఎక్కడ పెడతావు?"

"రొట్టెల డబ్బాలో. పరిగెత్తాల్సొస్తే ముందు చేతికొచ్చేది అదే."

కోరాలీ మళ్ళీ హారను కొట్టింది. "డెస్! కథల పుస్తకాల కోసం నలుగురు ముసలమ్మలు ఎదురుచూస్తున్నారు, నన్ను చంపేస్తారు!"

అతను రెండో డిస్కును తేమ పీల్చే పొట్లంతో సహా చిన్న రేకు డబ్బాలో పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, గోరుతో అంచులు నొక్కాడు. వ్యాను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి రెండు చేతులతో అందించాడు. కోరాలీ నోట్‌బుక్కులో పేరు రాసుకుని, డబ్బాను పెద్దక్షరాల పుస్తకాల వెనక దూర్చి, తలుపు వేసింది.