తిరిగొచ్చిన ఆరు క్యాసెట్లు

1976 మార్చి 12, శుక్రవారం, సాయంత్రం అయిదున్నర. మస్కట్‌లో మా నర్సుల క్వార్టర్స్ ముందుగదిలో నా రూమ్‌మేట్ మొదటిసారి తన సొంత పాట పాడింది. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. భీమవరం దగ్గరి పల్లె. సెలవురోజు ప్రార్థనకు చేరిన మేము పాడేవన్నీ దేవుణ్ణి పొగిడే పాటలు. ఆమెది నిలదీసే పాట. "నీ చేతిలో నీళ్ళున్నవి, నా నోటిలో ఇసుకున్నది" అని ఎత్తుకోగానే ఒక పెద్దావిడ లేచి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళం మళ్ళీ పాడమన్నాం.

రెండేళ్ళలో ఇరవైమూడు పాటలు కట్టింది. కాగితం మీద ఒక్కటీ పెట్టలేదు. వార్డులో పని చేస్తూనే కట్టి, డ్యూటీ దిగాక క్యాసెట్‌లో పాడి, ఊరెళ్ళేవాళ్ళ చేత తల్లికి పంపేది. తల్లికి చదువు రాదు.

"నాలుగు మాటలు మాట్లాడవే, ఎప్పుడూ పాటలేనా?" అన్నాను.

"మాట్లాడితే ఏడుత్తాదక్కా. పాడితే పక్కింటోళ్ళని పిలిచి మరీ వింటాది."

శుక్రవారాల్లో ఆమె పాట కోసం చుట్టుపక్కల పేటలు రువి నుంచి, సీబ్ నుంచి జనం వచ్చేవారు. మద్రాసులో క్రైస్తవ గీతాల రికార్డులు వేసే ఒకాయన విని, 1978 జూన్ సెలవులో వస్తే ఎనిమిది పాటలు రికార్డు చేద్దామని కబురంపాడు.

ఆ ఏడు ఫిబ్రవరిలోనే ఆమె గొంతులో గడ్డ తేలింది. మాట నరం దానికి అంటుకుని ఉందని డాక్టరు ముందే చెప్పాడు. ఆపరేషనైంది, ప్రాణం నిలిచింది. గొంతు గుసగుసలా మిగిలింది. గొంతెత్తి పాడితేనే ఆమెకు మాటలు వరసన వచ్చేవి; ఇప్పుడు అవీ రావడం లేదు. పాటలు పంపితే వేరే గాయనితో పాడించి, కట్టింది ఆమేనని వేస్తానన్నాడు మద్రాసాయన. తను పంపిన ఆరు క్యాసెట్లూ తిప్పి పంపమని ఊరికి కబురు పెట్టింది. మేలో సెలవుకెళ్ళిన ఒక నర్సు ఆ పల్లె దాకా వెళ్ళి ఆరూ తెచ్చింది.

మొదటిది పెట్టగానే తల్లి గొంతు. "అమ్మాయ్, నీ పాటలు బాగున్నాయే. వీధంతా విన్నారు. గేదె ఈనింది." తర్వాత పిన్ని, తర్వాత తమ్ముడు. "క్యాసెట్టు ఇంకా తిరుగుతుందే, ఖాళీగా పోనీకండి, నువ్వూ మాట్లాడు వదినా," అని తల్లి పక్కింటావిడను పిలవడం కూడా వినబడింది.

మా అందరి ఇళ్ళలోనూ అదే పద్ధతి. వచ్చిన క్యాసెట్ మీదే, పాతది చెరిగిపోయేలా, జవాబు చెప్పి తిప్పి పంపడం. ఊరెళ్ళేవాళ్ళు ఈమె క్యాసెట్లను భీమవరంలో పోస్టు చేసేవారే గానీ ఆ పల్లె దాకా వెళ్ళేవారు కాదు; తెచ్చేవాళ్ళు లేక ఆ జవాబులు పెట్టెలోనే ఉండిపోయాయి. చెరపకండి అని చెప్పాలని ఈమెకు తోచలేదు.

ఆరూ విన్నాం. అయిదోదాని చివర, మాటలు అయిపోయినచోట, ఒక చరణంలో సగం మిగిలింది. మాకు గుర్తున్నవాటిని పాడి చూపించాం. నాలుగు పల్లవులు, అదీ తలా ఒక రాగంలో. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అమ్మకి అన్నీ అందాయని రాయక్కా, తమ్ముడు చదివి పెడతాడు," అంది గుసగుసగా. "ఇంకేం రాయకు."

అలాగే రాశాను.

పోయినవి: పాటలు ఇరవైమూడు. మద్రాసు రికార్డు ఒకటి. ఆమె గొంతు.